నీలి వెలుగులో నిండు సినిమా

పెద్ద టీవీ కొన్న తొలి ఆదివారం చాలా ఇళ్లలో జరిగేదే ఇది. గోడ నిండా తెర, మెరిసిపోయే రంగులు, కొత్త వస్తువొచ్చిన సంబరం. ఏళ్లుగా బీరువాలో దాచుకున్న ఇష్టమైన సినిమా డీవీడీ బయటికి తీసి పెడతారు. పాత డబ్బా టీవీలో నిగనిగలాడిన బొమ్మ ఇక్కడ మసకబారిపోతుంది. ముఖాలు అలికేసినట్టుంటాయి. టైటిల్ అక్షరాల అంచులు రంపపు పళ్లలా కనిపిస్తాయి. టీవీలోనే ఏదో లోపముందని కంపెనీకి ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. టీవీ బాగానే ఉంది. డిస్కూ పాడవలేదు. ఆ డిస్కులో ఉన్న బొమ్మే అంత. పాత తెర చిన్నది కాబట్టి కప్పిపుచ్చింది, కొత్త తెర బయటపెట్టింది.

ఆ డీవీడీ తీసేసి అదే సినిమా బ్లూరే పెట్టి చూడండి. పట్టుచీర జరీ పోగులు తెలుస్తాయి. నటి కంటిపాపలో స్టూడియో దీపం మెరుపు కనబడుతుంది. వెనకాల నిలబడ్డ జనంలో ఒక్కో ముఖం విడిగా తెలుస్తుంది. అప్పటిదాకా ఎన్నోసార్లు చూసిన సినిమాయే అయినా, ఇవన్నీ ఎప్పుడూ చూడలేదని అప్పుడు అర్థమవుతుంది.

చేత్తో పట్టుకుంటే రెండు డిస్కులకీ తేడా చెప్పలేం. రెండూ 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం. 1982లో సోనీ, ఫిలిప్స్ కంపెనీలు ఆడియో సీడీని తెచ్చినప్పుడు ఖాయం చేసిన కొలతలివి. ఇప్పటి 4కే డిస్కు దాకా వాటిని ఎవరూ మార్చలేదు. మారిందల్లా లోపల పట్టే సరుకు. సీడీలో 700 మెగాబైట్లు పట్టిన జాగాలో డీవీడీ 4.7 గిగాబైట్లు పట్టించింది. బ్లూరే 25 గిగాబైట్లు పట్టించింది, రెండు పొరలు వేస్తే 50. 4కే డిస్కుల్లో మూడు పొరలతో వంద దాకా వెళ్లారు.

దుకాణంలో అడిగితే 'బొమ్మ బాగా క్లియర్‌గా ఉంటుంది సార్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాట నిజమే గానీ సగమే. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, సౌండ్ ఇంజినీరు కలిసి థియేటర్ కోసం తయారుచేసిన దాంట్లో ఎంత భాగం మన ఇంటిదాకా వస్తోంది అన్నదే అసలు ప్రశ్న. ఆ కొలతతో చూస్తేనే డీవీడీకీ బ్లూరేకీ ఉన్న దూరం పూర్తిగా తెలుస్తుంది.

చుక్కల లెక్క

డిజిటల్ బొమ్మంటే చుక్కల వరసలే. వాటినే పిక్సెళ్లంటాం. మన ఇళ్లలోకి మొదట వచ్చిన వీడియో డిస్కు వీసీడీ. అందులో అడ్డంగా 352, నిలువుగా 288 చుక్కలు. మొత్తం కలిపితే లక్ష చిల్లర. ఒక డిస్కు 74 నిమిషాలే ఆడేది కాబట్టి మన సినిమాకి రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు కావాల్సి వచ్చేవి. 1996 నవంబరులో జపాన్‌లో, మరుసటేడాది మార్చిలో అమెరికాలో డీవీడీ వచ్చింది. మన టీవీలు అప్పట్లో వాడిన పాల్ పద్ధతిలో అయితే 720 అడ్డం, 576 నిలువు, అంటే 4,14,720 చుక్కలు. అమెరికా, జపాన్ వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో నిలువు వరసలు 480, మొత్తం 3,45,600. వీసీడీ నుంచి డీవీడీకి వచ్చినప్పుడు బొమ్మ నాలుగింతలు పెరిగిందన్నమాట. అప్పట్లో అది మనకి అద్భుతంగానే అనిపించింది, అనిపించడం న్యాయమే.

బ్లూరే బొమ్మ 1920 అడ్డం, 1080 నిలువు. మొత్తం 20,73,600. పాల్ డీవీడీకి సరిగ్గా అయిదింతలు, ఎన్‌టీఎస్‌సీ డీవీడీకి సరిగ్గా ఆరింతలు. 2016లో వచ్చిన 4కే డిస్కు దీనికి నాలుగింతలు.

మన సినిమాలకు ఇందులో ఇంకో మెలిక ఉంది. తెలుగులో ఎక్కువ సినిమాలు స్కోప్‌లో తీసినవే. వెడల్పాటి ఆ ఫ్రేము టీవీ తెరకి అమరాలంటే పైనా కిందా నల్ల పట్టీలు రావాల్సిందే. ఆ పట్టీలూ డిస్కులోని చుక్కల్నే తింటాయి. 480 వరసల డీవీడీలో అసలు సినిమాకి మిగిలేవి 360 పైచిలుకు. బ్లూరేలో 800 దాటి మిగులుతాయి. పెళ్లిపందిట్లో యాభైమంది నిలబడ్డ లాంగ్ షాట్‌ని 360 వరసల్లో కుక్కితే ఒక్కో తలకి దక్కేది ఎంతని? అందుకే డీవీడీలో క్లోజప్‌లు ఫరవాలేదనిపిస్తాయి, లాంగ్ షాట్లు తేలిపోతాయి.

నీలిరంగు కోసం జరిగిన తపస్సు

అదే సైజు డిస్కులో ఇన్నింతలు ఎలా పట్టాయి? దీనికి జవాబు కాంతి దగ్గరుంది.

డిస్కు మీద సమాచారమంతా కంటికి కనబడని గుంటలుగా ఉంటుంది. నడిమధ్య నుంచి అంచు దాకా సుడి తిరుగుతూ పోయే వరస అది. లేజర్ కిరణాన్ని ఒక కటకం చిన్న చుక్కగా కుదించి ఆ వరస మీద నడిపిస్తుంది. తిరిగొచ్చే వెలుగులో తేడాలను బట్టి ప్లేయరు గుంటల్ని చదువుతుంది. మొద్దు పాళీతో రాస్తే పేజీకి పది వరసలు, సన్న పాళీతో రాస్తే ముప్పై వరసలు పట్టినట్టే, లేజర్ చుక్క సన్నబడితే గుంటలూ చిన్నవి చేసుకోవచ్చు, వరసల్నీ దగ్గరికి జరపొచ్చు. చుక్క ఎంత సన్నమన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: కాంతి తరంగం పొడవు, కటకం దాన్ని కూడదీసే శక్తి.

సీడీ వాడింది 780 నానోమీటర్ల పరారుణ కాంతి. డీవీడీది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. బ్లూరేది 405. పేరుకి నీలమంటున్నాం గానీ ఆ రంగు ఊదాకి దగ్గర. కటకం బలం కూడా డీవీడీలో 0.6 ఉంటే బ్లూరేలో 0.85కి పెంచారు. రెండూ కలిసి చుక్క వెడల్పు 1.3 మైక్రాన్ల నుంచి 0.58కి పడిపోయింది. వరసకీ వరసకీ మధ్య దూరం సీడీలో 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూరేలో 0.32. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. సుమారు 70 మైక్రాన్ల మందమున్న తలవెంట్రుక ఒకటి డిస్కు మీద పడితే, దాని కింద బ్లూరే వరసలు రెండొందలకి పైగా ఉంటాయి.

నీలి లేజర్ ఉంటే బాగుంటుందని డిస్కు కంపెనీలకి ముందే తెలుసు. సమస్యల్లా, నీలి వెలుగునిచ్చే పదార్థం చేతికి చిక్కకపోవడమే. ఎర్ర ఎల్ఈడీ 1960ల నుంచీ ఉంది. నీలం మాత్రం మూడు దశాబ్దాలు మొండికేసింది. గాలియం నైట్రైడ్ అనే పదార్థంతో సాధ్యమని సిద్ధాంతం చెబుతున్నా, దాన్ని లోపాల్లేని స్ఫటికంగా పెంచడం ఎవరి వల్లా కాలేదు. పెద్ద పెద్ద ప్రయోగశాలలు దాన్ని వదిలేసి వేరే పదార్థాల వైపు వెళ్లిపోయాయి. నగోయా విశ్వవిద్యాలయంలో ఇసాము అకసాకి, ఆయన శిష్యుడు హిరోషి అమానో వదల్లేదు. వాళ్లకి దూరంగా, షికోకు దీవిలోని తొకుషిమా ప్రాంతంలో నిచియా అనే చిన్న కంపెనీ ఉద్యోగి షూజి నకమురా కూడా వదల్లేదు. నిచియా అప్పటికి టీవీ తెరలకీ ట్యూబులైట్లకీ వాడే ఫాస్ఫరు పొడులు చేసే కంపెనీ. పైవాళ్లు ఆ పని ఆపమన్నా తాను కొనసాగించానని నకమురా తర్వాత చెప్పుకొచ్చారు. 1993లో ఆయన వెలుగు బలంగా ఉన్న నీలి ఎల్ఈడీ చూపించారు. 1990ల మధ్యకల్లా అదే పదార్థంతో లేజర్ కూడా వెలిగించారు. ఆ లేజర్ లేకపోతే బ్లూరే లేదు.

ఆ ఆవిష్కరణకి కంపెనీ ఆయనకిచ్చిన బోనస్ ఇరవై వేల యెన్లు. ఆయన కోర్టుకెళ్లారు. 2004లో టోక్యో జిల్లా కోర్టు రెండు వేల కోట్ల యెన్లు చెల్లించమంది. మరుసటేడాది పైకోర్టులో 84 కోట్ల యెన్ల దగ్గర రాజీ కుదిరింది. 2014లో అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి నీలి ఎల్ఈడీకి, దాంతో సాధ్యమైన తెల్లటి దీపాలకి. మన ఇంటి ఎల్ఈడీ బల్బు, బ్లూరే డిస్కు, రెండూ ఆ ఒక్క పదార్థం బిడ్డలే.

పదో వంతు మిల్లీమీటరు

కటకం బలం పెంచితే ఇంకో చిక్కు వచ్చిపడుతుంది. తిరిగే డిస్కు కాస్త అటూ ఇటూ ఒరిగినా లేజర్ చుక్క చెదిరిపోతుంది. కిరణం ఎంత మందం ప్లాస్టిక్‌ని దాటుకుని వెళ్లాలో, చెదరడం అంత ఎక్కువ. అందుకే సమాచారం ఉన్న పొరని కిరణానికి దగ్గరగా జరిపారు. సీడీలో లేజర్ 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దాటాలి. డీవీడీలో 0.6 మందమున్న రెండు పలకల్ని అతికించి, సమాచారాన్ని మధ్యలో పెట్టారు. బ్లూరేలో సమాచారం పైనున్న కవచం 0.1 మిల్లీమీటరు మాత్రమే.

అంత పలచని కవచానికి వేలిముద్ర కూడా ప్రమాదమే. 2003లో జపాన్‌లో సోనీ అమ్మిన మొదటి బ్లూరే రికార్డరులో డిస్కు ప్లాస్టిక్ పెట్టెలో ఉండేది, ఆ పెట్టెతో సహా యంత్రంలోకి తోయాలి. తర్వాత టీడీకే కంపెనీ గీతలు పడని గట్టి పూత కనిపెట్టడంతో పెట్టె పోయింది. ఇప్పటి బ్లూరేలకి ఆ తరహా గట్టి పూత తప్పనిసరి. వాడకంలో కూడా ఇది తెలుస్తుంది. అద్దెకి తిరిగి తిరిగి వచ్చిన డీవీడీల మీద సాలెగూడులా గీతలుంటే, బ్లూరేలు ఏళ్ల తర్వాత కూడా అద్దంలా ఉంటాయి. అలాగని అజాగ్రత్త పనికిరాదు. పూతని దాటి లోతుగా గీత పడిందంటే సమాచారం అక్కడే, వెంటనే ఉంది.

మూడు గంటల సినిమా, ఒకే డిస్కు

సినిమాని ఉన్నదున్నట్టు ఏ డిస్కులోనూ పెట్టలేరు. రెండు గంటల ముప్పావు సినిమాని బ్లూరే చుక్కల లెక్కలో కుదించకుండా దాస్తే 700 గిగాబైట్లు దాటిపోతుంది. అందుకని ప్రతి డిస్కులోనూ కుదింపు ఉంటుంది. పక్కపక్క ఫ్రేముల్లో మారని భాగాన్ని మళ్లీ మళ్లీ రాయకుండా, మారినదాన్నే రాసుకోవడం దాని మూలసూత్రం. డీవీడీ వాడేది ఎంపెగ్-2 అనే 1990ల నాటి పద్ధతి. బ్లూరేలో ఎక్కువగా కనిపించేది హెచ్.264, అదే నాణ్యతని దాదాపు సగం జాగాలో ఇస్తుంది. 4కే డిస్కుల్లో దాని తర్వాతి తరం, హెచ్ఈవీసీ.

మన సినిమాల డీవీడీలు ఎందుకు అంత నాసిగా ఉండేవో ఇక్కడ తెలుస్తుంది. గంటన్నర హాలీవుడ్ సినిమాకీ, ఆరు పాటలతో రెండు గంటల ముప్పావు నడిచే మన సినిమాకీ జాగా ఒకటే. ఒకే పొర ఉన్న 4.7 గిగాబైట్ల డిస్కులో మన సినిమా పెడితే సెకనుకి నాలుగు మెగాబిట్లు కూడా మిగలవు, అందులోనే బొమ్మా శబ్దమూ సర్దుకోవాలి. రెండు పొరల డిస్కులో ఏడుకి దగ్గరగా వస్తుంది. 50 గిగాబైట్ల బ్లూరేలో అయితే 40 వస్తుంది. డీవీడీ చట్రంలో బొమ్మకి దక్కే గరిష్ఠ వేగం 9.8 మెగాబిట్లు, బ్లూరేలో 40, 4కే డిస్కుల్లో మొత్తం 128 దాకా.

కుదింపుకి బాగా ఇబ్బంది పెట్టేవి కదలికలు. వానపాట, రంగులు చల్లుకునే పాట, నీళ్ల దగ్గర తీసిన పాట, వెనక యాభైమంది డాన్సర్లు. ఫ్రేముకీ ఫ్రేముకీ అన్నీ మారిపోతుంటే రాసుకోవాల్సింది పెరుగుతుంది, జాగా చాలదు, బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. డాన్సు మన సినిమాకి ప్రాణం. సరిగ్గా ఆ ప్రాణం దగ్గరే డీవీడీ చేతులెత్తేసేది.

దానికి తోడు 'త్రీ ఇన్ వన్' డిస్కులు. రెండున్నర గంటల సినిమాలు మూడు కలిపి రెండు పొరల డిస్కులో పెడితే సెకనుకి రెండున్నర మెగాబిట్లే. 2007 ప్రాంతంలో మోజర్ బేయర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మింది. తెలుగుతో సహా ఎన్నో భాషల సినిమాలు అలా సామాన్యుడి ఇంటికి చేరాయి. అది చిన్న మేలు కాదు, పైరసీ డిస్కుకి పోటీగా అసలు డిస్కుని అదే ధరకి నిలబెట్టిన పని అది. అయితే ఆ అలవాటులో డిస్కంటే ముప్పై రూపాయల సరుకు అన్న లెక్క స్థిరపడిపోయింది. బ్లూరే వచ్చేసరికి అయిదారొందలు పెట్టి సినిమా కొనే అలవాటు మనకి మిగల్లేదు, అమ్మాలన్న ఉత్సాహం నిర్మాతలకీ కలగలేదు. మోజర్ బేయర్ 2018లో దివాలా ప్రక్రియలో మూతపడింది.

సెకనుకి ఇరవై నాలుగు

చుక్కల గురించి అందరూ మాట్లాడతారు, కాలం గురించి ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం బ్లూరే చేసిన గొప్ప మేలు ఇక్కడే ఉందనిపిస్తుంది.

సినిమా ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. పాత టీవీలకి ఆ లెక్క కుదరదు. పాల్ టీవీ సెకనుకి 25 ఫ్రేములు అడుగుతుంది. అందుకని పాల్ డీవీడీ తయారుచేసేటప్పుడు సినిమానే నాలుగు శాతం వేగంగా నడిపించేవారు. 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. దాంతోపాటు శబ్దం శ్రుతి పెరుగుతుంది. ప్రత్యేకంగా సరిచేయకపోతే, పక్కపక్క స్వరస్థానాల మధ్య ఉన్న దూరంలో పదింట ఏడు వంతులు పైకి పోతుంది. పాట చెవిలో నాటుకుపోయినవాళ్లకి గాయకుడి గొంతు ఏదో సన్నబడినట్టు అనిపించేది ఇందుకే. ఎన్‌టీఎస్‌సీ డీవీడీల్లో వేగం మారదు గానీ, 24ని సెకనుకి 60 సగం బొమ్మలుగా పంచడానికి ఒక ఫ్రేముని మూడుసార్లు, తర్వాతి ఫ్రేముని రెండుసార్లు చూపిస్తారు. కెమెరా మెల్లగా పక్కకి తిరిగే షాట్లలో ఆ కుదుపు కంటికి తగులుతుంది.

బ్లూరే 24 ఫ్రేముల్ని 24గానే దాస్తుంది, ఒక్కో ఫ్రేముని నిండుగా. సినిమా దాని నడకలో అది నడుస్తుంది, గాయని శ్రుతిలో ఆమె పాడుతుంది. ఇంతకాలం ఇంట్లో మనం చూసిన సినిమాల్లో చాలావాటికి ఈ పాటి న్యాయం కూడా దక్కలేదు.

శబ్దం కథ కూడా ఇలాంటిదే. డీవీడీలోని డాల్బీ డిజిటల్ ఆరు ఛానళ్ల శబ్దాన్ని గరిష్ఠంగా సెకనుకి 448 కిలోబిట్లలో కుదిస్తుంది. రెండే ఛానళ్లున్న మామూలు సీడీ 1,411 కిలోబిట్లు వాడుతుందని గుర్తుంటే ఆ కోత ఎంతో తెలుస్తుంది. బ్లూరేలో డాల్బీ ట్రూ హెచ్‌డీ, డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే పద్ధతులున్నాయి. ఇవి శబ్దాన్ని మడతపెట్టి దాస్తాయే తప్ప ఒక్క బిట్టూ పారెయ్యవు. విప్పితే స్టూడియోలో మిక్స్ చేసిన శబ్దం యథాతథంగా వస్తుంది. వీణ తీగ మీటాక ఆ నాదం నిశ్శబ్దంలో కలిసిపోయే చివరి క్షణం దాకా వినిపిస్తుంది. మంచి స్పీకర్లున్న ఇంట్లో, నా చెవికి, బొమ్మలో తేడా కన్నా ఈ తేడాయే ముందు పట్టుబడుతుంది.

తోషిబా ఓటమి

2006లో ఒకేసారి రెండు హెచ్‌డీ డిస్కులు మార్కెట్లోకి వచ్చాయి. సోనీ, పానాసోనిక్, ఫిలిప్స్ వగైరాలు కలిసి తెచ్చింది బ్లూరే. తోషిబా, ఎన్ఈసీ తెచ్చింది హెచ్‌డీ డీవీడీ. రెండిట్లోనూ నీలి లేజరే. తోషిబా మాత్రం డీవీడీ నిర్మాణాన్ని, 0.6 మిల్లీమీటర్ల మందాన్ని అలాగే ఉంచింది. పాత డీవీడీ కర్మాగారాలనే కాస్త మార్చి వాడుకోవచ్చని దాని ఆలోచన. ఫలితంగా పొరకి 15 గిగాబైట్లే పట్టాయి. సోనీ తన ప్లేస్టేషన్ 3లో బ్లూరే డ్రైవ్ పెట్టి లక్షలాది ఇళ్లలోకి పంపింది. 2008 జనవరి 4న వార్నర్ బ్రదర్స్ ఇక బ్లూరే ఒక్కటే అని ప్రకటించింది. ఫిబ్రవరి 19న తోషిబా పోటీ నుంచి తప్పుకుంది. ఎక్కువ పట్టే డిస్కే గెలవడం ప్రేక్షకుడికి మంచిదైంది.

పాత్ర పెద్దదైతే చాలదు

ఇంతవరకూ చెప్పింది డిస్కు సామర్థ్యం. అందులో పోసేది సరిగా లేకపోతే ఆ సామర్థ్యం వృథా. అట్ట మీద బ్లూరే అని ఉన్నంత మాత్రాన లోపల హెచ్‌డీ సినిమా ఉందని నమ్మకం లేదు. పాత టీవీ టేపుని సాగదీసి బ్లూరేలో పోసి అమ్మినవాళ్లున్నారు.

పెద్ద కంపెనీలు కూడా తప్పు చేశాయి. 'గ్లాడియేటర్' సినిమా 2009లో బ్లూరేగా వచ్చినప్పుడు బొమ్మలోని మచ్చలూ ధూళీ తుడిచే సాఫ్ట్‌వేర్, మొదటి యుద్ధ సన్నివేశంలో ఎగిరే నిప్పు బాణాల్ని కొన్నిచోట్ల ధూళి అనుకుని చెరిపేసింది. విమర్శలు రావడంతో మరుసటేడాది సరిచేసిన ప్రతి విడుదల చేశారు. 2010లో వచ్చిన 'ప్రిడేటర్' బ్లూరేలో ఫిల్ము రేణువుల్ని ఎంతగా తుడిచారంటే నటుల ముఖాలు మైనపు బొమ్మల్లా తయారయ్యాయి. ఆ రేణువులు ఫిల్ము స్వభావం. వాటిని మురికి అనుకుని కడిగేస్తే చర్మం మీది రంధ్రాలు, ముడతలు, చెమట చుక్కలు కూడా వాటితోపాటే పోతాయి.

సరిగ్గా చేస్తే ఏం సాధించొచ్చో చెప్పడానికి సత్యజిత్ రాయ్ అపు త్రయమే చాలు. 1993లో లండన్‌లో ఒక ఫిల్ము ల్యాబ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఆ మూడు సినిమాల నెగటివ్‌లు కాలిపోయాయి. మిగిలిన ముక్కల్ని పారేయకుండా దాచారు. ఏళ్ల తర్వాత అమెరికాలోని క్రైటీరియన్ సంస్థ, ఇటలీలో బొలోన్యా నగరంలోని లిమాజినే రిత్రోవాతా ల్యాబ్ కలిసి వాటిని చేతపట్టాయి. పెళుసుబారిన ఫిల్ముకి మళ్లీ తేమ పట్టించి, అతుకులు వేసి, ఫ్రేము తర్వాత ఫ్రేము 4కేలో స్కాన్ చేశారు. 'పథేర్ పాంచాలి'లో 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతానికి పైగా ఆ కాలిన నెగటివ్ నుంచే తిరిగొచ్చాయి. మిగతాది ఇతర ప్రతుల నుంచి తీసుకున్నారు. 2015లో అవి బ్లూరేగా వచ్చాయి. 'పథేర్ పాంచాలి'లో కాశపూల మధ్య పిల్లలు పరుగెత్తే దృశ్యాన్ని ఆ డిస్కులో చూసినవాళ్లకి హెచ్‌డీ ఎందుకని వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 35 ఎంఎం నెగటివ్‌లో డీవీడీకి, బ్లూరేకి కూడా మించిన వివరం దాగి ఉంటుంది. 1950ల నలుపు తెలుపు సినిమా అయినా నెగటివ్ బాగుంటే ఇవాళ 4కేలో కొత్తగా పుడుతుంది. దానికి భిన్నంగా, టీవీ వీడియో టేపు మీద తీసిన 1990ల సీరియల్‌ని ఏ డిస్కులో పోసినా అంతకు మించి రాదు. 2000ల తర్వాత ఎన్నో సినిమాలకి తుది మెరుగులు బ్లూరే స్థాయికి దగ్గరగా ఉండే 2కేలో దిద్దారు, అలాంటివి 4కే డిస్కుగా వచ్చినా చాలావరకూ సాగదీతే. రంగుల్లో లాభం ఉండొచ్చు, వివరంలో పెద్దగా ఉండదు.

ఎంత దూరం నుంచి?

కొనేముందు మీ గది కొలుచుకోండి. మంచి చూపున్న కన్ను విడదీయగల సూక్ష్మానికి ఒక హద్దుంది. ఆ లెక్క ప్రకారం 55 అంగుళాల టీవీకి ఏడడుగుల దూరంలో కూర్చుంటే బ్లూరేలోని వివరమంతా కంటికి అందుతుంది. దూరం పెరిగేకొద్దీ తేడా తగ్గుతూ, పంతొమ్మిది అడుగుల దగ్గర డీవీడీకీ దానికీ చుక్కల్లో తేడా కనబడదు. 32 అంగుళాల టీవీకి ఆ దూరం పదకొండు అడుగులు. అంటే చిన్న టీవీని హాలు అవతల మూల నుంచి చూసే ఇంటికి మంచి డీవీడీ చాలు. 4కే వివరం పూర్తిగా కావాలంటే 55 అంగుళాల తెరకి నాలుగడుగుల లోపు కూర్చోవాలి, అలా ఎవరూ కూర్చోరు. 4కే డిస్కు అసలు బలం చుక్కల్లో కన్నా వెలుగునీడల్లో ఉంది. హెచ్‌డీఆర్ అనే పద్ధతి వల్ల దీపం మంట మంటలాగే వెలుగుతుంది, పక్కనున్న చీకట్లో ఆకారం చెడదు. రంగుకి 8 బిట్ల బదులు 10 బిట్లు ఉండడంతో సాయంకాలపు ఆకాశం చారలు చారలుగా విరగదు. ఇది ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది.

బ్లూరే ప్లేయరులో డీవీడీలు ఆడతాయి. డీవీడీ ప్లేయరులో బ్లూరే ఆడదు. అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత డిస్కులు తెప్పించుకునేవాళ్లు ఇంకొకటి చూడాలి. డీవీడీల్లో అమెరికాది ఒకటో ప్రాంతం, మనది అయిదు. బ్లూరేల్లో వాళ్లది ఏ, మనది సీ. కొన్ని డిస్కులకి ఈ తాళం ఉండదు, కొన్నిటికి ఉంటుంది. 4కే డిస్కులకి మాత్రం ఈ గొడవ లేదు, ఎక్కడ కొన్నా ఎక్కడైనా ఆడతాయి.

మన సినిమా, ఎవరి అరలో?

ఓటీటీలో అన్నీ దొరుకుతుంటే డిస్కు ఎందుకని అడగొచ్చు. 4కే ప్రసారానికి సెకనుకి 15 మెగాబిట్ల కనెక్షన్ చాలని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. మామూలు బ్లూరేలోనే బొమ్మకి అంతకు రెట్టింపు వాడుకునే వీలుంది. చీకటి సన్నివేశాల్లో, పొగలో, వానలో ఆ తేడా కళ్లెదుట కనబడుతుంది. అంతకన్నా ముఖ్యం, హక్కుల ఒప్పందం ముగిసిన రోజున ఓటీటీ నుంచి సినిమా మాయమవుతుంది. అరలో ఉన్న డిస్కుకి ఆ గండం లేదు.

అయినా డిస్కుల కాలం కుంచించుకుపోతోంది. శాంసంగ్ 2019లోనే కొత్త బ్లూరే ప్లేయర్లు చేయడం ఆపేసింది. 1998లో పోస్టులో డీవీడీలు అద్దెకివ్వడంతో మొదలైన నెట్‌ఫ్లిక్స్, 2023 సెప్టెంబరు 29న చివరి డిస్కు పంపి ఆ వ్యాపారం మూసేసింది. మరోవైపు సినిమాని ప్రేమించేవాళ్ల కోసం చిన్న సంస్థలు పాత సినిమాల్ని శుభ్రంగా పునరుద్ధరించి 4కే డిస్కులుగా తెస్తూనే ఉన్నాయి.

మన దగ్గర ఆ పని జరగలేదు. తెలుగు బ్లూరేలు వచ్చినవే తక్కువ. 'బాహుబలి', 'ఆర్ఆర్ఆర్' సినిమాలు జపాన్‌లో చక్కటి బ్లూరేలుగా దొరుకుతాయి, అక్కడి అభిమానులు అపురూపంగా దాచుకుంటారు. మన పక్క వీధిలో దొరకవు. అలాగని మన దగ్గర సరుకు లేకా కాదు. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి'ని 4కే చేసి థియేటర్లలో వేశారు, ఆ సెప్టెంబరులోనే 'జల్సా' వచ్చింది. ఆ తర్వాత వరసకట్టి ఎన్నో వచ్చాయి. స్కాన్ చేయించే ఖర్చు పెట్టారు, రంగులు దిద్దించారు, థియేటర్లు నిండాయి. కష్టమైన పనంతా అయిపోయింది. మిగిలింది ఆ ప్రతిని డిస్కు మీద అచ్చువేయడమే.

నిర్మాతలకి మనవి ఒకటే. నెగటివ్‌ని 4కేలోకి తెచ్చాక ఒకటి రెండు రోజుల ఆటలతో దాన్ని హార్డ్ డిస్కులో పడుకోబెట్టకండి. వెయ్యి ప్రతులైనా సరే, ఫిల్ము రేణువులు తుడవకుండా, పాటలు అసలు శ్రుతిలో, శబ్దం కోత లేకుండా బ్లూరేగా తీసుకురండి. ముప్పై రూపాయలకి అడగం, న్యాయమైన ధర ఇచ్చి కొనుక్కుంటాం.